పేరు తెలిసిన చేప

బోధన్‌లోని మా ఇంటి గాజుతొట్టెలో ఒక నల్లని చేప అద్దానికి నోరానించి పాచి గీరుతుంటుంది. అంగడివారు దానిని ‘సక్కర్’ అన్నారు. అది పనిని బట్టి వచ్చిన పేరే గాని జాతినామం కాదు. పద్యానికి గణవిభజన చేసే అలవాటున్నవాణ్ణి కనుక, దాని వీపుమీది వాజంలోని ఈనెలను లెక్కించాను. 1758లో లిన్నేయస్ నామకరణం చేసిన ప్లెకోకు ముందరి ముల్లు కాక ఏడే ఈనెలు. దీనికి పన్నెండు! కనుక ఇది ‘టెరిగోప్లిక్తిస్’ అనే మరొక ప్రజాతి.

రెండింటి జన్మభూమీ దక్షిణ అమెరికాయే. ఇది మూరెడు పెరుగుతుంది. ఒంటినిండా ఎముక పలకల కవచం ఉన్నందున వలలు చినుగుతాయి. గుడ్లకోసం గట్లలో బొరియలు తవ్వుతుంది. జాలరులు దీనిని ‘దెయ్యం చేప’ అంటారు. తూర్పు కనుమల జలాశయాలలో దీని వ్యాప్తిని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు నీటిలోని డి.ఎన్.ఏ. ఆనవాళ్లతో గుర్తించారు.

తొట్టె ఇరుకైనప్పుడు “పాపం, బెల్లాల్ చెరువులో విడువరాదా?” అన్నారు ఇరుగుపొరుగువారు. చెరువు చేరితే మంజీర, మంజీర దాటితే కందకుర్తి వద్ద గోదావరి! ఒక ప్రాణిపై చూపే దయ వేయి ప్రాణులకు కీడు కారాదు. అందుకే పెద్ద తొట్టె తెచ్చాను. మీ ఇంట ఇటువంటి చేప ఉంటే ఈనెలు లెక్కించండి. చెరువులో మాత్రం విడువకండి.