ముక్తినాథంలో నేను చేయని స్నానం

ముక్తినాథ యాత్ర ముగించుకొని వచ్చిన నాటినుండి మా ఆలయానికి విచ్చేసే భక్తులందరిదీ ఒకే ప్రశ్న. "స్వామీ, నూట ఎనిమిది ధారల కింద స్నానం చేశారా?" చేయలేదంటే వారి ముఖాలు చిన్నబోతున్నాయి. అంత దూరం వెళ్ళి, అదీ కార్తిక మాసంలో, క్షీరాబ్ది ద్వాదశినాడు, అర్చకులై ఉండి! కొందరు పైకి అనరు, కొందరు అననే అన్నారు. తీర్థం ఇస్తూ నిలబడి ఒక్కొక్కరికీ చెప్పగల విషయం కాదు గనుక ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందు ఆ క్షేత్రం గురించి తెలియనివారి కోసం కొద్దిగా. నేపాళ దేశంలోని ముస్తాంగ్ జిల్లాలో, సముద్రమట్టానికి సుమారు 3,700 మీటర్ల ఎత్తున ఉన్నది ముక్తినాథం. వైష్ణవ సంప్రదాయంలో 108 దివ్యదేశాలలో సాలగ్రామ క్షేత్రంగా దీనిని గణిస్తారు. తిరుమంగై ఆళ్వారు మంగళాశాసనం చేసిన స్థలం. బౌద్ధులు దీనినే చుమిగ్ గ్యాత్సా అని పిలుస్తారు, మూలమూర్తిని అవలోకితేశ్వరునిగా భావించి కొలుస్తారు. ఆ లోయలో ప్రవహించేది కాళీగండకి. మన పూజాపీఠాల మీద ఉన్న సాలగ్రామాలన్నింటికీ పుట్టిల్లు ఆ నది.

మాది కోనసీమలో వైఖానసాగమోక్తంగా అర్చన చేసే కుటుంబం. తాతముత్తాతల నాటి సాలగ్రామం ఒకటి మా ఇంట ఉన్నది. సాలగ్రామానికి ప్రాణప్రతిష్ఠ అక్కరలేదు, ఆవాహన లేదు, ఉద్వాసన లేదు. స్వామి అందులో నిత్యసన్నిహితుడు. మా నాన్నగారు అరవై ఏళ్ళకు పైగా దానికి అభిషేకం చేశారు, ఒక్కనాడైనా గండకిని చూడలేదు. ఆయన చివరి నాలుగు నెలలూ మంచం మీదనే గడిచాయి. స్నానం చేయించే వీలు లేక తడిగుడ్డతో ఒళ్ళు తుడిచేవాళ్ళం. "మడి లేకుండా స్వామిని ఎలా ముట్టుకోనురా?" అని ఒకనాడు కన్నీళ్ళు పెట్టుకున్నారు. నేను శాస్త్రం చెప్పాను. స్నానాలు ఏడు విధాలు, నీట మునిగే వారుణ స్నానం అందులో ఒకటి మాత్రమే, అశక్తునికి ఆపోహిష్ఠాది మంత్రాలతో చేసే మార్జనమే స్నానం, అదీ కాకపోతే విష్ణుచింతనమే మానస స్నానం అని. ఈ మాట నేను ముప్ఫై ఏళ్ళుగా ఎందరో వృద్ధులకు చెప్పాను. నాన్నగారు విన్నారు, ఏమీ అనకుండా గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆయనకు కాగ్‌బేనిలో పిండప్రదానం చేయాలనేది నా సంకల్పం. కాళీగండకిలో ముక్తినాథంనుండి దిగివచ్చే ఝోంగ్ ఏరు కలిసే సంగమం అది. ఇప్పుడు జీపులు ముక్తినాథం క్రింది ఊరైన రాణిపౌవా దాకా వెళుతున్నాయి. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అబ్బాయి జీపే మాట్లాడతానన్నాడు. వాహనం తీర్థఫలంలో సగం హరిస్తుందని నిబంధకారులు చెప్పారు గనుక నేను ఒప్పుకోలేదు. చివరకు పోఖరానుండి ఘాసా వరకు జీపు, అక్కడినుండి నడక అని రాజీపడ్డాం. మిగిలిన సగంలో ఎంత పోయిందో చిత్రగుప్తులవారు లెక్క వేయాలి.

నడక నిజానికి కఠినమైనది కాదు. ఘాసా, కాలోపానీ, టుకుచే, మార్ఫా, జోమ్‌సోమ్, కాగ్‌బేని, ఝార్‌కోట్, అటుపైన ముక్తినాథం. రోజుకు నాలుగైదు గంటలు. గుడారాలు మోయనక్కరలేదు, ఊరూరా తేనీటి విడుదులు ఉన్నాయి. థకాలీ కుటుంబాలు తమ ఇళ్ళనే యాత్రికులకు బసగా ఇస్తాయి. వంటింటిని ఆనుకొని భోజనశాల, పైన రెండు మూడు చెక్కగదులు, అడిగినప్పుడల్లా వేడివేడి పప్పూ అన్నమూ. పూర్వం ఉప్పును టిబెట్టునుండి, ధాన్యాన్ని దక్షిణంనుండి మోసిన వర్తకుల దారి అది. అతిథిని ఆదరించడం వారి వంశవిద్య.

ఆ దారి అందాన్ని వర్ణించే శక్తి నాకు లేదు. పడమట 8,167 మీటర్ల ధవళగిరి, తూర్పున 8,091 మీటర్ల అన్నపూర్ణ, రెంటి నడుమ పాదాల దగ్గర నది. హిమాలయం లేవకముందే ఈ నది ఉన్నదని, పర్వతం పైకి లేస్తుంటే తాను కోసుకుంటూ తన దారిని నిలుపుకున్నదని భూగర్భ శాస్త్రజ్ఞులు అంటారు. సాలగ్రామంలోని చక్రాలు కోట్ల సంవత్సరాలనాడు అక్కడ ఉండిన సముద్రంలో జీవించిన ప్రాణుల గుల్లలని కూడా వారే అంటారు. ఈ మాట వింటే మనవారిలో కొందరికి కోపం వస్తుంది, నాకెందుకో రాదు. క్షీరసాగరశాయి చిహ్నం సముద్రగర్భంనుండి వచ్చిందంటే అర్చకుడు నొచ్చుకోవలసినదేమున్నది?

ఉదయం పది, పదకొండు గంటలకు లోయలో గాలి లేస్తుంది. దక్షిణంనుండి ఉత్తరానికి, నది దిగివచ్చే దిక్కుకు ఎదురుగా వీస్తుంది. నది ఎండిన తలమంతా ఇసుక లేచి కళ్ళలో కొడుతుంది. అందుకే జోమ్‌సోమ్‌కు విమానాలు ప్రాతఃకాలంలోనే వచ్చి వెళతాయి. మేమూ చీకటితో బయలుదేరి మధ్యాహ్నానికి ఏదో ఒక విడుదికి చేరేవాళ్ళం.

ఇక నా సంగతి. పోఖరాలో చిన్న గ్యాసు పొయ్యి కొన్నాను, స్వయంపాకానికి. విడుదుల వంట ముట్టనని నియమం పెట్టుకున్నాను. వెల్లుల్లి, ఉల్లి, ఇంకా ఏమేమి ఆ పాత్రలలో వండారో అనే శంక. నీరు కూడా నా చెంబుతో నేను పట్టుకున్నదే త్రాగాలి. రోజూ బ్రాహ్మీముహూర్తంలో చన్నీళ్ళ స్నానం, కార్తికం గనుక. మొదటి రెండు రోజులూ బాగానే సాగింది. ఎత్తు పెరిగినకొద్దీ నీరు తక్కువ వేడికే మరుగుతుంది. జోమ్‌సోమ్ దగ్గర 91 డిగ్రీలు కావచ్చు. అన్నం ఎంతసేపు ఉడికించినా పలుకు మిగిలేది. ఆరుబయట పొయ్యి పెడితే గాలి ఆర్పేది. థకాలీ గృహిణులు ప్రెషరు కుక్కరు ఈలల మధ్య నా అవస్థను చూసి నవ్వుకునేవారు, కాని ఒక్కరూ ఎగతాళి చేయలేదు. మార్ఫానుండి అటుకులూ, బెల్లమూ, ఆ ఊరి ఆపిల్ పళ్ళే నాకు ఆహారం. చల్లని నీరు పళ్ళు జివ్వుమనిపించేది గనుక నీరు త్రాగడం కూడా తగ్గింది. అబ్బాయి హెచ్చరిస్తూనే ఉన్నాడు. తపస్సు చేస్తున్నాననుకున్నాను.

భాగవతంలో భరతచక్రవర్తి రాజ్యం విడిచి వచ్చి తపస్సు చేసిన పులహాశ్రమం ఈ గండకీ తీరమే. సామ్రాజ్యాన్ని విడిచినవాడు ఒక లేడిపిల్లను విడువలేకపోయాడు. ఈ కథను ఎన్నో పురాణకాలక్షేపాలలో చెప్పినవాణ్ణి గనుక నడుస్తూ అబ్బాయికి వివరించాను. నాకు లేడి లేదనే ధీమాతోనే వివరించాను.

కాగ్‌బేనిలో పిండప్రదానం యథావిధిగా జరిగింది. మరునాడు ప్రబోధినీ ఏకాదశి. కాగ్‌బేనినుండి ఝార్‌కోట్‌కు ఒక్కరోజులో సుమారు 750 మీటర్లు ఎక్కాలి. ఏకాదశి గదా, నిర్జలోపవాసం చేస్తానన్నాను. అబ్బాయి మొదటిసారి గొంతు పెంచాడు. నేను వినలేదు.

ఝార్‌కోట్ చేరేసరికి తల పగిలిపోతున్నది. రెండుసార్లు వాంతి అయింది, వాంతికి కడుపులో ఏమీ లేదు. అబ్బాయి నా వేలికి చిన్న యంత్రం తొడిగి చూశాడు. ప్రాణవాయువు 79 అని చూపించింది. వాడి ముఖంలో రంగు మారింది. "ఇప్పుడు నీళ్ళు త్రాగాలి, నాన్నగారూ. రేపు ఉదయానికి తలనొప్పి తగ్గకపోతే పైకి కాదు, కిందికి వెళుతున్నాం" అన్నాడు. రేపు ద్వాదశి. స్వామి గుడి కనుచూపు దూరంలో ఉన్నది.

ఆ ఇంటి గృహిణి ఒక గిన్నెతో వచ్చింది. ఎత్తు పడనివారికి అక్కడ ఇచ్చే వెల్లుల్లి చారు. వాసన తగలగానే ముఖం తిప్పుకున్నాను. ఆమె అబ్బాయిని ఏదో అడిగింది, వాడు సిగ్గుపడుతూ చెప్పాడు. గిన్నె తీసుకొని వెళ్ళిపోయింది. నొచ్చుకున్నదనుకున్నాను. కాసేపటికి తిరిగి వచ్చింది. పాత్రను బూడిదతో తోమి, మా అబ్బాయిచేతనే నీరు పోయించి కాచిందట. "తాతోపానీ, బాజే" అన్నది. వేడినీరు. అక్కడ బ్రాహ్మణ వృద్ధులను బాజే అని పిలుస్తారు.

ఛాందోగ్యంలో ఉషస్తి చాక్రాయణుని కథ ఉన్నది. కురుదేశంలో పంటలు నాశనమైనప్పుడు ఆ విద్వాంసుడు ఒక ఏనుగుల కాపరి తింటున్న కుల్మాషాలను అడిగి, ఎంగిలివైనా తిన్నాడు. ఆ కాపరి నీళ్ళు ఇవ్వబోతే మాత్రం వద్దన్నాడు. అవి తినకపోతే బ్రతకనని, నీరు మరోచోట దొరుకుతుందని ఆయన వాదం. ఆపద్ధర్మానికి హద్దు ఎక్కడో చెప్పే కథగా దీనిని నేను బోధిస్తాను. మంచం మీద పడుకొని ఆ గిన్నెను చూస్తుంటే నాకు ఆ కథే స్ఫురించింది, తలక్రిందులుగా. ఉషస్తి బ్రతకడానికి తిన్నాడు. నేను ఎవరూ విధించని నిర్జల నియమంతో, దాహంతో పడి ఉన్నాను. వ్రతభంగం కలిగించనివి ఎనిమిది అని ధర్మశాస్త్రం చెబుతుంది. వాటిలో నీరున్నది, ఔషధమూ ఉన్నది. ఇదంతా నాకు కంఠస్థం. అయినా చేయి చాపలేకపోయాను.

అప్పుడు అబ్బాయి ఒక మాట అన్నాడు. "తాతగారికి మీరు చెప్పింది నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. అది నిజమా, కాదా?"

వాడు సంధ్యావందనం మానివేసి పదేళ్ళయింది. ఆ విషయమై వాడికీ నాకూ మాటలు లేని రోజులు కూడా ఉన్నాయి. వాడి ప్రశ్నకు నా దగ్గర సమాధానం ఉన్నది, చెప్పే మొహం లేదు. నేను మా నాన్నగారికి చెప్పింది నేనే నమ్మలేదని ఆ క్షణాన తెలిసింది. నా కంఠంలో ఆ నమ్మకం లేదని ఆయనకు తెలిసే గోడవైపు తిరిగారేమో. గిన్నె అందుకొని త్రాగాను. తరువాత ఫాపర్ పిండితో, అంటే కొండప్రాంతపు కుట్టు పిండితో, ఉప్పు వేసి జావ కాచి ఇచ్చింది. ఉత్తరాదివారు ఏకాదశినాడు ఆ పిండినే ఫలాహారంగా తీసుకుంటారని అబ్బాయి చెప్పాడు. అది తెలియకముందే సగం త్రాగి ఉన్నాను. రాత్రంతా గంటకొకసారి లేపి వాడు వేడినీరు త్రాగించాడు.

ఉదయానికి తలనొప్పి తగ్గింది. యంత్రం 86 చూపింది. "వెళదాం, కాని చన్నీళ్ళ స్నానం లేదు" అన్నాడు. సరేనన్నాను.

ముక్తినాథుని ఆలయం చిన్నది, అంతస్తులుగా లేచిన నేపాళీ శైలి కప్పుతో ఉన్నది. వెనుక అర్ధచంద్రాకారపు గోడకు 108 వృషభముఖాలు, ప్రతి ముఖంనుండి మంచుకరిగిన నీటి ధార. ఎదుట రెండు కుండాలు. అబ్బాయి పంచె కట్టుకొని ఆ ధారల కిందినుండి పరుగెత్తాడు, వణుకుతూ వచ్చాడు. మళ్ళీ నా ఇత్తడి చెంబు తీసుకొని వెళ్ళాడు. ధారధారకూ చెంబు పట్టి, కొద్దికొద్దిగా నీరు పోగుచేసి తెచ్చాడు. చాలాసేపు పట్టింది. నేను ఎండలో ఒక రాతిగట్టు మీద కూర్చున్నాను.

"మంత్రం మీరు చెప్పండి, నీళ్ళు నేను చల్లుతాను" అన్నాడు.

కాగ్‌బేనిలో మిగిలిన దర్భలు ఇచ్చాను. ఆపోహిష్ఠ మొదలుపెట్టాను. రెండవ ఋక్కు దగ్గర వాడి గొంతు కూడా కలిసింది. ఎనిమిదవ తరగతి వరకు నేనే సంత చెప్పాను వాడికి. స్వరం రెండు చోట్ల తప్పింది. దిద్దలేదు.

లోపల శ్రీభూసమేతుడైన స్వామిని సేవించుకున్నాం. ముదురు ఎరుపు వస్త్రాలు ధరించిన ఒక వృద్ధ బౌద్ధ సన్న్యాసిని తీర్థం ఇస్తున్నది. ఝుమాలంటారు వారిని. ఆ ఆలయ సంరక్షణలో వారికి తరతరాలుగా భాగం ఉన్నది. ముప్ఫై అయిదేళ్ళుగా ఇతరుల చేతులలో తీర్థం పోసినవాణ్ణి, అరచేతిని గోకర్ణాకారంగా పట్టలేదని ఎందరినో విసుక్కున్నవాణ్ణి. నా చేయి వణికి తీర్థం సగం నేలపాలైంది. ఆమె నవ్వి మళ్ళీ పోసింది.

దగ్గరనే జ్వాలామాయి గుడిలో, పారే నీటి ప్రక్కన, నేలలోనుండి వచ్చే వాయువుతో చిన్న నీలిజ్వాల వెలుగుతున్నది. అక్కడ ఎక్కువసేపు నిలువలేదు, గాలి లేవకముందే దిగాలి.

దిగుతూ ఝార్‌కోట్‌లో ఆ ఇంటి ముందు ఆగాం. ఆమె మేడమీద కప్పుపై కట్టెలు పేరుస్తున్నది. నాకు నేపాళీ రాదు, వచ్చిన రెండు మాటలూ ముందురోజు ఆమె నేర్పినవే. తల పైకెత్తి, తాతోపానీ అని అడిగాను.