రాణీగంజ్‌లో డీజిల్ పంపు

సంపాదకుల కోరికపై సికింద్రాబాదు రాణీగంజ్‌లోని యంత్రభాగముల బజారునకు వెళ్ళిన నేను, బేరింగులు, బెల్టులు, మోటార్లు గుట్టలుగ పేర్చిన దుకాణములనెల్ల దాటి, డీజిల్ పంపులు బాగుచేయు ఒక చిన్న వర్క్‌షాపులో వృద్ధుడైన మిస్త్రీ చేతులను చూచుచు అచటనే నిలిచిపోయితిని. ఆయన నాజిల్‌ను టెస్టరునకు బిగించి మీట నొక్కగా, గేజిముల్లు మెల్లగ పైకెక్కి, కిర్రుమను ధ్వనితో నూనె పొగమంచువలె విరిసినది. కొనయందు ఒక్క బొట్టు నిలిచినను దానిని విప్పి, సూదిని లాపింగ్ పేస్టుతో మరల నూరును. బ్యారెల్‌ను ఏటవాలుగ పట్టి, ప్లంజరు తన బరువుతోనే నిదానముగ దిగుచున్నదా యని పరీక్షించునపుడు ఆయన ఊపిరి బిగబట్టుట గమనించితిని. ఇంతటి ఏకాగ్రత విద్వాంసులయందును అరుదు.

ప్రక్కన యజమాని ఎవరితోనో మొరపెట్టుకొనుచుండెను: "ప్లంజర్ కొత్తది, నాజిల్ కొత్తది, బెంచి మీద క్యాలిబ్రేషన్ చేసినం. అయినా బయటి దేశపోళ్ళు సెకండ్‌హాండే అంటున్నరు. ఆర్డరు ఆగిపాయె!"

ఈ చిక్కు పరదేశములకే పరిమితము కాదు. మన 2023 విదేశవాణిజ్య విధానము ప్రకారము, పెద్ద యంత్రములకు చెందిన పునరుద్ధృత విడిభాగమును దిగుమతి చేసికొనవలెనన్న, క్రొత్తదాని ఆయువులో కనీసము 80 శాతము మిగిలియున్నదని చార్టర్డ్ ఇంజనీరు ధ్రువీకరింపవలెను. పాత కంప్యూటర్ల దిగుమతిపై ఆంక్ష ఉండుట న్యాయమే. పరుల చెత్త మన గడపలో పడరాదు. కాని అరిగిన భాగమునెల్ల తీసివేసి, క్రొత్తది పొదిగి, కొలిచి, పరీక్షించిన వస్తువును "ఇంకెంత మిగిలినది?" యని అడుగుట దాని పుట్టుకనే గుర్తింపకపోవుట. 2018 చివర అమలులోనికి వచ్చిన పసిఫిక్ తీరదేశముల వాణిజ్య ఒప్పందము, క్రొత్తదానితో సమానమైన ఆయువు, పనితీరు, వారంటీ గల పునర్నిర్మిత వస్తువును వాడిన సరకునుండి వేరుచేసినది. భారతదేశము అందులో సభ్యురాలు కాదు. బ్రిటిషువారు 2010లోనే పునర్నిర్మాణ విధానమునకు ప్రమాణము వెలువరించిరి.

మనకు కావలసినదియు అట్టి ప్రమాణమే. కాని వారంటీ పత్రము వ్రాయు స్తోమత రాణీగంజ్ చిన్న వర్క్‌షాపునకు లేదు. 1968లో బాలానగరులో నెలకొల్పిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వంటి ప్రభుత్వ సంస్థ స్వల్పరుసుముపై ప్రతి పంపునకు పరీక్షాఫలితములు వ్రాసి ముద్రవేసి యిచ్చినచో, ఏ దేశపు కస్టమ్స్ అధికారియైనను ఆ మిస్త్రీ నాజిల్ ఎంత ఒత్తిడియొద్ద తెరచుకొనునో కాగితముపై చదివి నిర్ణయింపగలడు.