గుమ్మడికాయల దొంగ

2023 అక్టోబరులో నేను అమెరికాలో మా అబ్బాయి ఇంట ఉన్నాను. హాలోవీన్ దగ్గరపడింది. ఏ వాకిట చూచినా కళ్లూ నోరూ చెక్కిన గుమ్మడికాయలే. దిష్టి తగలకుండా గుమ్మానికి గుమ్మడికాయ కట్టుకొనే మనవంటివారికి అది వింతగానూ, కొంత పరిచితంగానూ తోచింది.

ఒకనాటి సాయంత్రం పదేళ్ల మా మనుమడు, పాత సామాన్ల దుకాణంలో కొన్న కార్డుల పెట్టె తెచ్చి, "తాతయ్యా, నాతో ఆడతావా?" అన్నాడు. 'ది నైట్‌మేర్ బిఫోర్ క్రిస్‌మస్' అనే చిత్రం ఆధారంగా నెకా అనే సంస్థ 2005లో వెలువరించిన ఆట అది. కట్టకు 48 కార్డులు. పాత్రలు, ప్రదేశాలు, తయారుచేసిన వస్తువులు, ఆకస్మిక ఘటనలు అని వాటిలో నాలుగు తెగలు. సులభంగా దొరికేవి మొదలు మిక్కిలి అరుదైనవాటి వరకు మరల నాలుగు శ్రేణులు. ఆ అరుదైన కార్డు కోసం పిల్లలు తమలో తాము బేరాలాడుకోవడమే ఇటువంటి ఆటలకు ప్రాణమట. గుమ్మడి పాయింట్లు కూడబెట్టి 'గుమ్మడికాయల రాజు' అనిపించుకోవాలి.

ఆట అర్థం కావాలంటే కథ తెలియాలని వాడు ముందుగా ఆ చిత్రం చూపించాడు. టిమ్ బర్టన్ కథకు హెన్రీ సెలిక్ దర్శకత్వం వహించగా 1993లో విడుదలైంది. బొమ్మలను రవ్వంత కదుపుతూ, ఒక్కొక్క కదలికనూ వేరువేరుగా చిత్రించి కూర్చిన పని. కథానాయకుడు జాక్ ముఖకవళికలకే నాలుగు వందల తలలు చేశారట! హాలోవీన్ పట్టణానికి రాజైన ఈ జాక్, క్రిస్‌మస్ పండుగ చూచి ముచ్చటపడి, ఈసారి దానిని తానే జరుపుతానంటాడు. క్రిస్‌మస్ తాతను పట్టి తెప్పించి, పిల్లలకు భయంకరమైన బహుమతులు పంచుతాడు. అతనిలో దుర్బుద్ధి లేదు. పిల్లల మనసు తెలియదు, అంతే.

ఆట మధ్యలో ఒక కార్డు కనబడలేదు. "ఎవరు తీశారు?" అని మనుమడు నావైపు చూచాడు. నేను నవ్వి, "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్లు" అనే సామెత చెప్పాను. వాడికి అర్థం కాలేదు. బూడిద గుమ్మడికాయ మోసినవాని భుజానికి బూడిద అంటుకొంటుందనీ, అందుచేత దొంగ తనకు తానే దొరికిపోతాడనీ వివరించాను. వివరిస్తుండగానే నా నవ్వు ఆగిపోయింది.

1990లలో, ఏడవ తరగతిలో సంధులు చెబుతుండగా, ఒక విద్యార్థి బల్ల కింద కుస్తీవీరుల ట్రంప్ కార్డులు కనబడ్డాయి. లాగుకొని నా సొరుగులో పడవేశాను. వారం రోజులపాటు విరామ సమయంలో వాడు వచ్చి ఉపాధ్యాయుల గది గుమ్మం దగ్గర నిలబడేవాడు. నోరు తెరచి అడిగేవాడు కాడు. పరీక్షలయ్యాక ఇస్తానన్నాను. పరీక్షలు కాకముందే వాళ్ల నాన్నకు బదిలీ అయింది. ఆ తరువాత నాకూ అయింది. సొరుగు ఖాళీ చేసినవారు ఆ కార్డులను ఏం చేశారో విచారించనైనా లేదు.

ఇదంతా మనుమడికి చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "జాక్ క్రిస్‌మస్ తాతను తిరిగి పంపించేశాడు కదా, తాతయ్యా!" అన్నాడు. నా దగ్గర సమాధానం లేకపోయింది. పోయిన కార్డు నా ఒడిలోనే, శాలువా మడతలో దొరికింది.

ఆ విద్యార్థికి ఇప్పుడు నలభై ఏళ్లు దాటి ఉంటాయి. ఈ పుట అతని కంటబడుతుందన్న ఆశ లేదు. ఒకవేళ పడితే, నాయనా, నీ కార్డులు పోగొట్టినవాడను నేనే. నన్ను మన్నించు.