ఫోన్‌లో ఆ చిన్న కన్నం

మా పిన్నికి ఫోన్ కొనడానికి మొన్న డాబాగార్డెన్స్‌లో నాలుగు షాపులు తిరిగాం. సీతమ్మధార నుంచి ఆటోలో వెళ్తూనే ఆవిడ తన కోరికలు చెప్పేసింది. అక్షరాలు పెద్దగా కనపడాలి, ఛార్జింగు రెండు రోజులు ఆగాలి, ఇయర్‌ఫోన్ వైరు పెట్టుకునే కన్నం ఉండాలి. మొదటి రెండింటికీ షాపు కుర్రాడు తలూపాడు. మూడోదానికి నవ్వాడు. "ఇప్పుడు వైర్లు ఎవరు వాడుతున్నారు ఆంటీ? బడ్స్ తీసుకోండి, ఆఫర్లో ఇప్పిస్తాను" అన్నాడు. పిన్ని ఆ బడ్స్ డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసింది. "వీటికీ ఛార్జింగు పెట్టాలా?" "పెట్టాలి ఆంటీ." "ఈ డబ్బాకి?" "దానికీ పెట్టాలి." "మరి ఇవి పెట్టుకుంటే రేడియో వస్తుందా?" కుర్రాడు ఇంకో కస్టమర్ వైపు తిరిగాడు.

స్త్రీల జీవితాల్లో ఇన్ని సమస్యలుండగా మూడున్నర మిల్లీమీటర్ల కన్నం గురించి వ్యాసమా అని మీకనిపించొచ్చు. వంటగది గట్టు ఎవరి ఎత్తుకి కట్టారు, బస్సులో పట్టుకునే కడ్డీ ఎవరి చేతికి అందుతుంది అని మనం మాట్లాడుకున్నప్పుడు కూడా ఇలాగే నవ్విన వాళ్ళున్నారు. మన చేతిలో రోజంతా ఉండే వస్తువులో ఏది ఉండాలి, ఏది పోవాలి అన్నది ఎవరో ఎక్కడో నిర్ణయిస్తున్నారు. అది ఎవరి వినికిడిని తగ్గిస్తోందో చూడడం మన పనేనని నేననుకుంటున్నాను.

అసలు ఆ కన్నానికీ పిన్నికీ ఉన్న సంబంధం షాపు కుర్రాడికి తెలియదు. డెబ్భైల్లో పిన్ని ట్రంకు ఎక్స్ఛేంజిలో ఆపరేటర్. ఎదురుగా బోర్డు నిండా కన్నాలు, ముందు వరసగా వైర్లు, వాటి చివర ఇత్తడి ప్లగ్గులు. ఆర్డినరీ, అర్జెంటు, లైటెనింగ్ అని కాల్స్ బుక్ చేసుకుని, ఈ కన్నంలోంచి తీసి ఆ కన్నంలో గుచ్చితే విశాఖపట్నం మద్రాసుతో మాట్లాడేది. నెత్తిమీద హెడ్‌సెట్ బరువుకి సాయంత్రానికి చెవులు కందిపోయేవట. "ఊరంతా నా చేతుల మీదుగా మాట్లాడుకునేది, నేను మాట్లాడ్డానికి మాత్రం మా ఇంట్లో ఫోన్ లేదు" అంటుంది.

మన ఫోన్లలో నిన్నమొన్నటి దాకా ఉన్న జాక్ ఆ బోర్డు మీది కన్నానికి మనవరాలు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం తయారైన పావు అంగుళం ప్లగ్గు, 1950ల్లో ట్రాన్సిస్టర్ రేడియోలతో పాటు సన్నబడి మూడున్నర మిల్లీమీటర్లయింది. మొదట్లో అమెరికాలో ఆ బోర్డుల దగ్గర మగపిల్లల్ని పెట్టారు. వాళ్ళు చందాదారులతో పోట్లాడుతున్నారని 1878 సెప్టెంబరులో బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే ఆమెను తీసుకున్నారు. ఆ తర్వాత ఆ పని ఆడవాళ్ళ పనైపోయింది. గొంతు మృదువుగా ఉంటుందన్నారు, ఓపికెక్కువన్నారు. జీతం తక్కువిస్తే చాలన్నది మాత్రం పైకి అనలేదు. నూరేళ్ళ పాటు ప్రపంచంలో ఆ ప్లగ్గుని ఎక్కువసార్లు పట్టుకున్న చేతులు ఆడవాళ్ళవే అయ్యుంటాయి. 2016 సెప్టెంబరులో ఐఫోన్ 7 నుంచి దాన్ని తీసేసినప్పుడు ఆపిల్ సంస్థ వేదిక మీద దానికి చెప్పిన కారణం 'ధైర్యం'. ఆ సంవత్సరం చివర్లోనే 159 డాలర్లకి వైరు లేని ఎయిర్‌పాడ్స్ అమ్మకానికొచ్చాయి. ధైర్యం వాళ్ళది, ఖర్చు మనది.

తర్వాత గూగుల్, వన్‌ప్లస్, శామ్‌సంగ్ ఖరీదైన ఫోన్లు అదే దారి పట్టాయి. 2020లో ఆపిల్ డబ్బాలో ఉచితంగా ఇచ్చే వైరు ఇయర్‌ఫోన్స్ కూడా మానేసింది.

నేను కొన్నేళ్ళుగా జాలారిపేటలో చేపలమ్మే స్త్రీల జీవిత కథలు రికార్డు చేస్తున్నాను. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని కూర్చి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. అది చదివి ఈ పనిలోకొచ్చిన నాలాంటి వాళ్ళు చాలామందే ఉన్నారు. నా దగ్గర ఖరీదైన రికార్డరు లేదు. ఫోను, దానికి తగిలించే చిన్న కాలరు మైకు, ఒక ఇయర్‌ఫోన్ వైరు, అంతే. సముద్రం గాలి హోరులో చీర అంచుకి మైకు తగిలిస్తే మాట శుభ్రంగా పడుతుంది. ఆ మైకు ప్లగ్గు మీద మూడు నల్లగీతలుంటాయి. వాటి వల్ల నాలుగు ముక్కలవుతుంది. ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి, మైకుకొకటి, నాలుగోది అన్నిటికీ కలిపి. వినడం, చెప్పడం రెండూ ఒకే కన్నంలోంచి జరుగుతాయి.

అయితే రికార్డు చేయడం కంటే నాకు ముఖ్యమైంది, చేశాక వినిపించడం. ఎవరి మాట వాళ్ళకి వినిపించి, ఉంచమంటారా, తీసెయ్యమంటారా అని అడగాలి కదా! కానీ ఎక్కడ వినిపించాలి? ఆ ఇంట్లో ఒకే గది. గుమ్మంలో కొడుకు, అరుగు మీద మామగారు, పక్కింటి కిటికీ మూరెడు దూరంలో. స్పీకరు పెడితే మొగుడి తాగుడు గురించి, మొదటి కాన్పులో పోయిన బిడ్డ గురించి ఆమె చెప్పిన మాటలు వీధికంతా వినపడతాయి. అందుకే వైరు. ఒక చెవి ఆమెకి, ఒక చెవి నాకు. తన గొంతు తాను మొదటిసారి వింటున్నప్పుడు చాలామంది నవ్వేస్తారు. తర్వాత మొహం మారుతుంది. అరవయ్యేళ్ళ ఆమె ఒకరు కళ్ళు మూసుకుని పదకొండు నిమిషాలు విని, నా మణికట్టు పట్టుకుని మెల్లగా, "ఈ ముక్క తీసీ అమ్మా, మా కోడలింటాది" అంది. తీసేశాను. ఇంకొకామె మాత్రం "ఉంచు, మా ఆడపిల్లలకి తెలవాల" అంది. ఆ రెండు నిర్ణయాలూ గుమ్మంలో నిలబడ్డ మగవాళ్ళకి తెలియకుండా జరిగాయి.

కిందటేడు పాత ఫోన్ నీళ్ళలో పడి, కన్నం లేని ఫోన్ కొనక తప్పలేదు. బడ్స్ పట్టుకెళ్ళాను. చేపలు కడిగిన చేతుల్తో ఆ తెల్లటి మొగ్గని పట్టుకోవడానికే ఆమె జంకింది. "దీని కరీదెంతమ్మా?" అనడిగి, చెప్పాక తిరిగిచ్చేసింది. పోగుల చెవుల్లో అవి నిలవవు, ఇసకలో పడితే వెతుక్కోవాలి. వైరయితే చెవిలోంచి జారినా మెడలో వేలాడుతుంది. ఛార్జింగు కన్నానికి తగిలించే అడాప్టర్ ఉంది కదా అంటారు. వేలెడంత కూడా లేని దాన్ని ఆరు నెలల్లో రెండుసార్లు పోగొట్టాను. అది తగిలిస్తే ఫోన్‌కి ఛార్జింగు పెట్టలేను. కొన్ని అడాప్టర్లతో ధ్వని వస్తుంది గానీ మైకు పని చేయదు.

వైరు లేకపోవడంలో సుఖం లేదని నేననడం లేదు. కుట్టు మిషన్ ముందు కూర్చునే వాళ్ళకి, గ్యాసు పొయ్యి దగ్గర నిలబడే వాళ్ళకి వేలాడే వైరు ప్రమాదమే. నా దగ్గరే తలుపు గొళ్ళేనికి తగులుకుని తెగినవి ఎన్నో! కన్నం తీసేస్తే లోపల చోటు మిగులుతుందని, నీళ్ళు చొరబడకుండా చూడడం తేలికని కంపెనీలు చెప్పే మాటలోనూ కొంత నిజముంది. బడ్స్ కావలసిన వాళ్ళు కొనుక్కోవచ్చు. కన్నం ఉన్న ఫోన్‌లోనూ బ్లూటూత్ పనిచేస్తుంది. రెండూ ఉన్నప్పుడు ఎంచుకునే వీలు మనకుండేది. ఒకటి తీసేసి, ఎంచుకోమని బజార్లో వంద రకాల బడ్స్ పెట్టారు. రెండు మూడేళ్ళలో వాటి బుల్లి బ్యాటరీ నీరసిస్తే విప్పి మార్చడానికి కుదరదు, చెత్తలో వెయ్యాల్సిందే.

బ్లూటూత్ గురించి ఇంకో సంగతి చెప్పాలి. నా పాత విద్యార్థిని ఒకామె భర్త నుంచి విడిపోవాలా వద్దా అన్న ఊగిసలాటలో ఉండేది. లాయరు స్నేహితురాలు పంపిన వాయిస్ మెసేజ్‌ని బడ్స్ పెట్టుకుని వింటూ అపార్టుమెంటు మెట్లు దిగింది. కింద భర్త కారు స్టార్ట్ చేసి ఉంది. అంతకుముందెప్పుడో పాటల కోసం కలిపిన ఫోన్ తనంతట తాను కారుకి కలిసిపోయింది. ఆమె తలుపు తీసేసరికి లాయరు గొంతు కారు స్పీకర్లలోంచి వస్తోంది. ఆ రాత్రి ఏం జరిగిందో ఆమె చెప్పలేదు, నేనడగలేదు. వైరు వాడేవాళ్ళు బ్లూటూత్ కట్టేసి పెట్టుకోవచ్చు. వైరు రెండో కొస ఎక్కడుందో కంటికి కనపడుతుంది. గాల్లో వెళ్ళే మాట ఎవరి దగ్గర వాలుతుందో సెట్టింగులు తెలిసిన వాళ్ళకే తెలుస్తుంది, మన ఇళ్ళల్లో ఆ సెట్టింగులు పెట్టేది ఎక్కువగా మగవాళ్ళే.

చూపులేని ఒక పరిశోధక విద్యార్థిని నాకు స్నేహితురాలు. ఫోన్ తెరని గొంతుతో చదివించుకుంటుంది, ఆ వేగం మనం అందుకోలేం. బ్లూటూత్‌లో మాట ఒక క్షణంలో పదో వంతో, ఇంకాస్త ఎక్కువో ఆలస్యంగా వస్తుంది. పాటలు వినేవాళ్ళకి ఆ తేడా తెలియదు. ఆమెకి మాత్రం వేలు ఒక అక్షరం మీద, గొంతు దాని ముందు అక్షరం మీద ఉంటాయి. "నత్తివాడితో చదివించుకున్నట్టుంటుంది మేడమ్" అని, వెంటనే "అలా అనకూడదేమో" అని తనే నాలిక్కరుచుకుంది. కన్నం ఉన్న పాత ఫోన్‌ని నాలుగేళ్ళుగా బాగుచేయించుకుంటూ వాడుతోంది.

పిన్ని రేడియో ప్రశ్న దగ్గరికొస్తాను, ఎందుకంటే అది ముసలావిడ చాదస్తం కాదు. ఫోన్‌లో ఎఫ్‌ఎం పలకాలంటే ఏరియల్ కావాలి. ఎఫ్‌ఎం తరంగం పొడవు సుమారు మూడు మీటర్లు, దాన్ని పట్టుకోవడానికి అందులో పావు వంతు, అంటే ముప్పావు మీటరు తీగైనా ఉండాలి. చెవి నుంచి ఫోన్ దాకా వేలాడే వైరే ఆ ఏరియల్. కన్నం పోతే సాధారణంగా రేడియో కూడా పోయినట్టే. ఇంటర్నెట్‌లో వస్తుంది కదా అంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడ్డప్పుడు మా వీధిలో చెట్లన్నీ నేలమీదున్నాయి. కరెంటు రోజుల తరబడి లేదు, సెల్ టవర్లు మూగబోయాయి. నెట్‌వర్కు మీదే బతికే ఫోన్ అలాంటప్పుడు టార్చిలైటు కింద మాత్రమే పనికొస్తుంది. రేడియోకి డేటా అక్కర్లేదు, టవరు అక్కర్లేదు. 2023 ఏప్రిల్లో కేంద్ర ప్రభుత్వం కూడా, విపత్తుల సమయంలో పనికొస్తుందంటూ, ఎఫ్‌ఎం రిసీవర్ ఉన్న ఫోన్లలో దాన్ని పనిచేయకుండా ఆపొద్దని తయారీదారులకి సలహా ఇచ్చింది. కానీ అది ఉన్న ఫోన్ల గురించే. యూరప్‌లో చట్టం చేసి 2024 డిసెంబరు నుంచి కొత్త ఫోన్లన్నిటికీ ఒకే రకం ఛార్జింగు కన్నం ఉండేలా చేయగలిగారు, ఆపిల్ కూడా తలొంచింది. తుఫాన్లొచ్చే కోస్తాలో అమ్మే ఫోన్లకి రేడియో, దాని తీగకో కన్నం ఉండాలని మన ప్రభుత్వాలు అడగడానికి అడ్డమేమిటి?

విచిత్రం ఏమిటంటే, ఆ కన్నం ఇప్పుడు ఎక్కువగా కనపడేది తక్కువ ధర ఫోన్లలోనే. మా ఇంట్లో పనిచేసే ఆమె దగ్గర అలాంటిదే ఉంది. ఆమె చదువుకోలేదు. అక్క వలసపోయి హైదరాబాద్‌లో అపార్టుమెంట్లలో పనిచేస్తోంది. ఇద్దరి మధ్యా ఉత్తరాలంటే వాయిస్ మెసేజ్‌లే. ఇంట్లో వినదు, అక్కడ అత్తగారుంటుంది. మా ఇంటికొచ్చి, గిన్నెలు ముందేసుకుని, చెంగు లోపలి నుంచి వైరు లాగి చెవుల్లో పెట్టుకుంటుంది. ఒక్కోసారి నవ్వుతుంది, ఒక్కోసారి కుళాయి ధార పెద్దది చేసుకుని తలొంచుకుంటుంది. అప్పుడు నేను వంటింట్లోకి వెళ్ళను. మొన్న కుడివైపుది పాడైందట, ఎడమ చెవిలో ఒకటే పెట్టుకుని వింటోంది. రైతుబజారు రోడ్డులో వంద రూపాయలకి కొత్తది దొరుకుతుంది, తెచ్చిపెడతానన్నాను.

"ఒకటి పలుకుతంది కదమ్మా, అది పోయినాక సూద్దాం" అంది.