పాశర్లపూడి త్రోవలో

అమలాపురమునుండి బయలుదేరి, బోడసకుర్రు వంతెనమీదుగా వైనతేయను దాటి మేము పాశర్లపూడి చేరునప్పటికి ప్రొద్దు వాలుచుండెను. దారిపొడుగునను కొబ్బరితోటలు, అరటితోటలు, కాలువగట్లు. ఇంత పచ్చనిచోట నిప్పు పుట్టుననిన నమ్ముట కష్టము.

మాకు ఆతిథ్యమిచ్చిన వృద్ధురాలి పుట్టినిల్లు తాటాకిండ్ల పేటలోనిదట. ఇల్లంటుకొన్నదని కేక వినబడినచో ఎవరిని ప్రత్యేకముగా పిలువ బనిలేదు. ఆడువారు బారుతీరి కాలువనుండి బిందెలందించెడివారు. మగవారు కొందరు ప్రక్కయింటి కప్పు పీకివేసెడివారు. కొందరు పశువుల పలుపులు కోసి విడిచెడివారు. ఊరే అగ్నిమాపకదళము!

1995 జనవరి 8న పాశర్లపూడి బావి అంటుకొన్ననాడు ఆ బిందెలు పనికిరాలేదు. “అరవై అయిదు రోజులు మాకు చీకటి లేదమ్మా” అని ఆమె చెప్పినది. వాయువు ఉబుకుచుండగా మంట నార్పినంతమాత్రమున ఆపద తీరదు. మంటలేని వాయువు ఊరిమీదికి ప్రాకి ఏ పొయ్యినో తాకవచ్చును. బావినోరే మూయవలెను. అమెరికానుండి నిపుణులు వచ్చినను మార్చి 15న గాని అది సాధ్యపడలేదు.

సమీపముననున్న నగరము గ్రామములో 2014 జూన్ 27 తెల్లవారుజామున వాయువుగొట్టము ప్రేలినది. 20 మందికి పైగా మరణించిరి. అప్పుడును ముందు పరుగెత్తినవారు ఇరుగుపొరుగువారే; కాని కాలినవారిని మోసికొనిపోవుట తప్ప వారేమి చేయగలరు?

ఆమె వంటింటిగోడపై సుద్దతో 101 అని పెద్దయంకెలు వ్రాసియున్నవి. ఫోనులో మొదట ఊరిపేరు, పిదప గుడియో వంతెనయో గుర్తు చెప్పవలెనని మనుమలకు నేర్పినదట. మాకు కాఫీ పెట్టబోవుచు ఆమె పెరటితలుపు తెరచి, ఒక్కక్షణము గాలి వాసన చూచి, ఆ తరువాతనే అగ్గిపెట్టె తీసినది.