పారబోసి ఏరుకునే పని

మూత్రపిండాలంటే మురుగుకాల్వ అనుకునేవాళ్ళు మన హాస్టల్లోనే బోలెడుమంది. జంతుశాస్త్ర విద్యార్థిగా వాటి తరఫున నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

పిడికెడంతేసి ఉండే ఈ జంటలో ఒక్కొక్కదానికీ సుమారు 10 లక్షల నెఫ్రాన్లు. రక్తంలోంచి రోజుకి 180 లీటర్ల ద్రవాన్ని అవి వడగడతాయి. మన ఒంట్లో ఉన్న నెత్తురంతా కలిపితే 5 లీటర్లే! మరి 180 లీటర్లూ బయటికి పోతే మనిషి మిగులుతాడా? పోవు. నీరు, ఉప్పు, చక్కెర, ఏది ఎంత కావాలో అంతా నాళికలు తిరిగి ఏరుకుంటాయి. చివరికి పోయేది ఏ లీటరున్నరో. మా అమ్మ ట్రంకుపెట్టె సర్దే పద్ధతీ ఇదే. ముందు అంతా నేలమీద కుమ్మరిస్తుంది, కావలసినవి లోపల పెడుతుంది, మిగిలింది ఊడ్చేస్తుంది. ఏది చెత్తో తెలియనక్కర్లేదు, ఏది కావాలో తెలిస్తే చాలు. ఇంతకన్న తెలివైన ఏర్పాటు నా సిలబస్‌లో మరొకటి లేదు.

మాది ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట వైపు. కొబ్బరి, జీడి, పనస తోటల చల్లని నీడ. ఆ నీడలోనే దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు కాపురముంది. షుగరూ బీపీ ఎరగని రైతుకూలీలకి కూడా వస్తోంది. నీళ్ళా, ఎండలో చాకిరీయా, మరొకటా అన్నది శాస్త్రజ్ఞులు ఈనాటికీ ఒక్క మాటమీద తేల్చలేదు.

మా మావయ్యకి వారానికి 3 డయాలసిస్‌లు, ఒక్కోటి 4 గంటలు. 1943లో హాలెండులో కోల్ఫ్ అనే డాక్టరు సెలోఫేన్ గొట్టంతో కట్టిన యంత్రానికి ఇది మునిమనవడు. మంచిదే. కాని మిత్రులారా, లెక్క చూడండి. వారానికి 168 గంటలు. యంత్రం పనిచేసేది 12. మిగతా 156 గంటలూ ఒంట్లో తూకం ఎవరు చూడాలి?

మా అత్త చూస్తుంది. పొద్దున్నే చెంబుతో ఆ రోజుకి సరిపడా నీళ్ళు కొలిచి పెడుతుంది. ఆయన టీ తాగినా, మజ్జిగ తాగినా అంతమేరా చెంబులోంచి తీసేస్తుంది. కూరముక్కలు ఉడికించి ఆ నీళ్ళు వార్చేస్తుంది, పొటాషియం కొంత పోవడానికి. చెడిన కిడ్నీ దాన్ని బయటికి తోయలేదు. రక్తంలో మరీ పెరిగితే గుండె ఆగిపోవచ్చు. అందుకే కొబ్బరినీళ్ళు పూర్తిగా బందు. తన చేత్తో నాటిన చెట్ల కాయలు మావయ్య దింపించి, వచ్చినవాళ్ళకి కొట్టిస్తాడు. "తాగరా అల్లుడూ, నాను సూస్తాను" అంటాడు.

ఇన్ని లెక్కలు ఎలా గుర్తుంటాయత్తా అని అడిగాను.

"గురుతేటి నాయినా, సెంబు సెప్తాది" అంది.

మూత్రం తగ్గేకొద్దీ తాగే నీళ్ళూ తగ్గించాలి. మొన్న సెలవులకి వెళ్ళేసరికి ఆ చెంబు గూట్లో బోర్లించి ఉంది. దాని చోట చిన్న మరచెంబు పెట్టింది.