నెగటివ్ అంటే ఏమిటి?

మన సంఘం కూడికల్లో డాక్టరు కనిపిస్తే చాలు, భోజనాల వరసలోనే ఒక చిన్న క్లినిక్ తెరుచుకుంటుంది. ఒకరికి కొలెస్టరాలు, ఒకరికి షుగరు, మరొకరికి ఇండియా నుంచి వచ్చిన అత్తగారి మోకాళ్ళ నొప్పులు. పులిహోర పళ్ళెం చేత్తో పట్టుకునే అడుగుతారు, మేమూ పళ్ళెం పట్టుకునే చెబుతాం. ఎవరూ గొంతు తగ్గించరు. పిల్లల మత్తుమందుల సంగతి మాత్రం అలా అడగరు. అందరూ వెళ్ళిపోయాక కారు దాకా వెంట వచ్చి, "మాకు తెలిసినవాళ్ళ అబ్బాయి ఒకడున్నాడండీ" అని మొదలుపెడతారు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందన్న సామెత మనకి పుట్టుకతో వచ్చింది మరి.

నేను వెస్ట్ వర్జీనియాలో ఒక చిన్న ఊళ్ళో ఫ్యామిలీ డాక్టరుగా పనిచేస్తున్నాను. మనవాళ్ళు చాలామందిలాగే రెసిడెన్సీ అయ్యాక వీసా షరతు కోసం డాక్టర్లు కరువైన చోట మూడేళ్ళుందామని వచ్చి, ఇక్కడే ఉండిపోయాను. గుంటూరులో ఎం.బి.బి.ఎస్. చదివే రోజుల్లో నల్లమందంటే ఫార్మకాలజీలో ఒక అధ్యాయం, అంతే. ఇక్కడ అది రోజూ చేసే పని. మా రాష్ట్రంలోనే హంటింగ్టన్ అనే ఊళ్ళో 2016లో, మనకి బాగా గుర్తుండే తేదీ ఆగస్టు 15న, కొద్ది గంటల్లో ఇరవైమందికి పైగా మందు ఎక్కువై పడిపోయారు. దేశం మొత్తం మీద 2021లో ఒక్క ఏడాదిలోనే ఇటువంటి మరణాలు లక్ష దాటాయి. మన ఇళ్ళు ఈ లెక్కకి బయట ఉంటాయనుకోవడానికి నాకు ఆధారమేమీ కనపడలేదు.

కిందటేడు ఒక పెద్దాయన అడిగిన ప్రశ్నే ఈ వ్యాసానికి కారణం. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. పేరూ ఊరూ చెప్పను. ఆయన ఇంజనీరు, కొలిచి చూడనిదే దేన్నీ నమ్మరు. వారి అబ్బాయికి కాలేజీలో ఉండగా మోకాలి ఆపరేషనయింది. నొప్పికిచ్చిన బిళ్ళలు అలవాటయ్యాయి. ఆ బిళ్ళలు దొరకడం మానేశాక వీధిలో దొరికేవి మొదలయ్యాయి. ఎలాగైతేనేం, చివరికి చికిత్సలో చేరాడు. ఎనిమిది నెలలుగా సబాక్సోన్ అనే మందు వాడుతున్నాడు, ఉద్యోగానికి పోతున్నాడు. అయినా తండ్రి మనసు కుదుటపడలేదు. మందుల షాపులో మూత్రపరీక్ష కప్పు ఒకటి కొనుక్కొచ్చి అబ్బాయిచేత పరీక్ష చేయించారు. "ఓపియేట్" అన్న గడిలో నెగటివ్ వచ్చింది.

సంతోషించవలసిన విషయమే కదా! ఆయన మాత్రం వేరే విధంగా ఆలోచించారు. "డాక్టరుగారూ, సబాక్సోన్ కూడా ఆ జాతి మందే కదా? అది ఒంట్లో ఉంటే పాజిటివ్ రావాలి కదా? రాలేదంటే వీడు మందు వేసుకోవడం లేదు, బయట అమ్ముకుంటున్నాడు" అన్నారు. అని ఊరుకోలేదు. ముందురోజే అబ్బాయి మందు తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఆయన లెక్క చేసిన తీరులో తప్పు లేదు. లెక్కలో వేసిన అంకె తప్పు. ఆ తప్పు ఆయనొక్కరిదే కాదు. ఆస్పత్రుల్లో, కోర్టుల్లో, ఉద్యోగాల దగ్గర కూడా చేసేవాళ్ళున్నారు. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

ఆ కప్పులో ఉండే కాగితపు పట్టీ మీద యాంటీబాడీలు పూసి ఉంటాయి. ఒక్కొక్క యాంటీబాడీ ఒక్కొక్క ఆకారాన్నే గుర్తుపడుతుంది. ఓపియేట్ పట్టీ మీద ఉండేది మార్ఫీన్‌ని గుర్తుపట్టడానికి తయారైనది. మార్ఫీన్, కోడీన్, హెరాయిన్ మూడూ దానికి చిక్కుతాయి, ఎందుకంటే హెరాయిన్, కోడీన్ రెండూ ఒంట్లో మార్ఫీన్‌గా మారతాయి. సబాక్సోన్‌లో అసలు మందు బ్యూప్రినార్ఫిన్. అదీ నల్లమందు మొక్కలోని థీబెయిన్ అనే పదార్థం నుంచే తయారవుతుంది. కాని ఆకారం బాగా మారిపోయింది కాబట్టి ఆ పట్టీ దాన్ని పోల్చుకోదు. మెథడోన్ సంగతీ అంతే. అన్నిటికంటె ముఖ్యం, ఈనాడు ఎక్కువమందిని చంపుతున్న ఫెంటనిల్ సంగతీ అంతే. వీటిలో ప్రతిదానికీ వేరే పట్టీ కావాలి. ఆయన కొన్న కప్పులో ఆ పట్టీలు లేవు.

అంటే ఆ నెగటివ్‌కి "అబ్బాయి మందు మానేశాడు" అనే అర్థం లేదు, "అబ్బాయి శుభ్రంగా ఉన్నాడు" అనే అర్థమూ లేదు. అడగని ప్రశ్నకి కప్పు జవాబు చెప్పదు. ఇంకొక చిక్కు కూడా ఉంది. ఈ పట్టీల మీద మందు ఉంటే గీత మాయమవుతుంది, లేకపోతే గీత కనిపిస్తుంది. గీత పలచగా ఉన్నా అది నెగటివే. గర్భం పరీక్ష చూసిన అలవాటుతో గీత కనపడగానే పాజిటివ్ అనుకుని ఇంట్లో ఏడుపులు మొదలుపెట్టినవాళ్ళున్నారు.

సబాక్సోన్ వాడుతున్నాడో లేదో తెలియాలంటే బ్యూప్రినార్ఫిన్‌కని ప్రత్యేకంగా ఉన్న పరీక్ష చేయించాలి. క్లినిక్కులు ఇంకొక మెట్టు పైకి వెళ్ళి, మాస్ స్పెక్ట్రోమెట్రీ చేసే లేబరేటరీకి పంపుతాయి. ఈ మందు లివరులో కొంత నార్‌బ్యూప్రినార్ఫిన్‌గా మారి మూత్రంలోకి వస్తుంది. లేబరేటరీ ఆ రెండింటినీ విడివిడిగా కొలుస్తుంది. రెండూ ఉంటే మందు ఒంట్లోంచి నడిచి వచ్చిందన్నమాట. అసలు మందు విపరీతంగా ఉండి రెండోది బొత్తిగా లేకపోతే, మందు నోట్లోకి కాక కప్పులోకే పోయి ఉంటుందని అనుమానించాలి. కప్పు పక్కన ఉష్ణోగ్రత చూపే చిన్న పట్టీ ఉండేదీ ఇందుకే. అప్పుడే పట్టిన మూత్రమైతే 90, 100 ఫారెన్‌హీటు డిగ్రీల మధ్య ఉంటుంది.

పాజిటివ్ వచ్చినంత మాత్రాన దోషి అని కూడా తీర్మానించకూడదు. మన కోడికూర మసాలాలో వేసే గసగసాలూ, నల్లమందూ ఒకే మొక్కవి. గసగసాల మీద కాస్త మార్ఫీన్ అంటుకుని ఉంటుంది. ఈ గొడవవల్లనే ఫెడరల్ ఉద్యోగ పరీక్షల్లో పాజిటివ్ అనడానికి కావలసిన మోతాదుని 1998లో మిల్లీలీటరుకి 300 నానోగ్రాముల నుంచి 2000కి పెంచారు. పాత 300 హద్దుతోనే నడిచే కప్పులు ఇంకా చాలా ఉన్నాయి. అమెరికా రక్షణశాఖ 2023 ఫిబ్రవరిలో సైనికులను గసగసాలు తినవద్దని హెచ్చరించింది కూడా. లీవోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్కులు కొన్ని ఓపియేట్ పట్టీని మోసం చేస్తాయి. ట్రమడాల్ కొన్ని బ్యూప్రినార్ఫిన్ పరీక్షలను మోసం చేస్తుంది. ఇండియా నుంచి పెట్టెలో సర్దుకొచ్చిన దగ్గుమందులో కోడీన్ ఉంటే అది మోసం కూడా కాదు, నిజంగానే పాజిటివ్ వస్తుంది. మరొకటి. ఫెంటనిల్ బాగా అలవాటైన మనిషిలో అది కొవ్వులో దాగి, మానేశాక వారాల తరబడి కూడా మూత్రంలో కనపడవచ్చు. నిన్న వాడాడా, కిందటి నెల వాడాడా అన్నది ఒక్క పరీక్షతో తేలదు.

ఆ రాత్రి ఆయనకి రెండు మాటలే చెప్పాను. మందు అబ్బాయి చేతికివ్వండి, వేసుకునే ముందు వాడిచేత వాళ్ళ క్లినిక్కుకి ఫోను చేయించండి అన్నాను. మధ్యలో ఇంకేదైనా వాడి ఉంటే బ్యూప్రినార్ఫిన్ మళ్ళీ మొదలుపెట్టడానికి ఒక పద్ధతి ఉంది. లేకపోతే ఉన్నట్టుండి ఒళ్ళంతా నొప్పులు, వాంతులు పట్టుకుంటాయి. అది చికిత్స చేసే డాక్టరే చూడాలి. వారంరోజుల తరవాత క్లినిక్కు చేయించిన లేబరేటరీ కాగితం అబ్బాయే తండ్రికి చూపించాడట. కప్పు పరీక్షనాటికి ముందే పట్టిన మూత్రం అది. బ్యూప్రినార్ఫిన్, నార్‌బ్యూప్రినార్ఫిన్ రెండూ ఉన్నాయి, ఫెంటనిల్ లేదు. "నన్నడిగితే ఇది ముందే చూపించేవాణ్ణి నాన్నా" అన్నాడట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

ఇక ఆయన అడిగిన రెండో ప్రశ్న: "ఎన్నాళ్ళండీ ఈ మందు? ఒక మత్తు పోయి ఇంకొక మత్తు వచ్చినట్టేగా?" ఇది నన్ను అందరూ అడిగేదే.

బ్యూప్రినార్ఫిన్ 1966లో ఇంగ్లండులో, రెకిట్ అండ్ కోల్మన్ కంపెనీ పరిశోధనశాలలో పుట్టింది. నొప్పిమందుగా తయారుచేశారు. మన దేశంలో కూడా నొప్పికి ఇంజక్షనుగా వాడారు. ఇది వ్యసనానికి మందుగా పనికొస్తుందని జసిన్‌స్కీ అనే డాక్టరు, ఆయన సహచరులు 1978లో ప్రకటించారు. వాళ్ళు పనిచేసినది మా పక్క రాష్ట్రం కెంటకీలోని లెక్సింగ్టన్‌లో. అమెరికా ప్రభుత్వం 2002 అక్టోబరులో దీన్ని వ్యసన చికిత్సకి అనుమతించింది. ఇది మెదడులో నల్లమందు కూచునే చోటే కూచుంటుంది, గట్టిగా కూచుంటుంది, కాని పని సగమే చేస్తుంది. ఆ సగంతో ఒంటినొప్పులూ తహతహా తగ్గుతాయి. కుర్చీ ఖాళీ లేదు కాబట్టి పైన వేసుకున్న హెరాయిన్‌కి చోటు దొరకదు. ఒక హద్దు దాటాక మోతాదు పెంచినా ఊపిరి మీద ప్రభావం అంతగా పెరగదు. సబాక్సోన్‌లో కలిపిన నాలోక్సోన్ నాలుక కింద పెట్టుకుంటే ఏమీ చేయదు, సూదితో ఎక్కించుకుంటే మాత్రం అడ్డుపడుతుంది.

మందు మాన్పిస్తే పీడ వదులుతుందనుకోవడం సహజమే. జరిగేది వేరు. మానేసిన మనిషికి పాత మోతాదుని తట్టుకునే శక్తి పోతుంది, పాత కోరిక మాత్రం పోదు. అదే మోతాదు మళ్ళీ వేసుకుంటే ఊపిరి ఆగుతుంది. మసాచుసెట్స్‌లో 2012, 2014 మధ్య ఓవర్‌డోసు నుంచి బతికి బయటపడిన 17 వేలకు పైగా మందిని ఏడాదిపాటు గమనించారు. ఈ జాతి మందులవల్ల చనిపోయే అవకాశం మెథడోన్ వాడినవారిలో 59 శాతం, బ్యూప్రినార్ఫిన్ వాడినవారిలో 38 శాతం తక్కువగా కనిపించింది. అయినా పదిమందిలో ఏడుగురికి ఏ మందూ అందలేదు. డబ్బు లేక కొందరికి, డాక్టరు లేక కొందరికి, "మందెందుకు, మనసు గట్టి చేసుకో" అన్నవాళ్ళ మూలంగా ఇంకొందరికి.

మరి ఈ పరీక్షలెందుకు? మెథడోన్ క్లినిక్కుల్లో ఏడాదికి కనీసం 8 సార్లు చేయాలని ఫెడరల్ నియమం ఉంది. బ్యూప్రినార్ఫిన్ ఇచ్చే మామూలు డాక్టరుకి అటువంటి ఫెడరల్ లెక్క లేదు, రాష్ట్రాన్నిబట్టీ ఇన్సూరెన్సునిబట్టీ ఉంటుంది. నా మటుకు నేను దాన్ని షుగరు పరీక్షలాగే చూస్తాను. దసరా, దీపావళి మిఠాయిల తరవాత ఒకాయన మూడునెలల షుగరు అంకె పెరిగిందనుకోండి. "మాట తప్పారు కనుక ఇన్సులిన్ ఆపేస్తున్నాను, మళ్ళీ రావద్దు" అని ఏ డాక్టరూ అనడు. ఏమైంది, ఏం తిన్నారు, మోతాదు చాలడం లేదా అని అడుగుతాడు. ఈ రోగిని మాత్రం ఒక్క పాజిటివ్ చూపించి గెంటేసే క్లినిక్కులున్నాయి. మందు అన్నిటికంటె ఎక్కువ అవసరమైన రోజునే మందు లాక్కోవడమది. పాజిటివ్ వస్తే రోగిని మరింత దగ్గరగా చూడాలి. ఇంట్లోనైనా అంతే. అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నది అడుసు తొక్కక ముందు చెప్పవలసిన మాట. తొక్కినవాడికి కావలసింది నీళ్ళు.

తల్లిదండ్రులకి నేను చెప్పేది నాలుగు ముక్కలు. చాటుగా పరీక్షలు పెట్టకండి. పిల్లవాడు ఒప్పుకుంటే, క్లినిక్కు వాళ్ళతో కలిసి మాట్లాడి, ఏ మందుకి ఏ పరీక్షో తెలుసుకుని చేయించండి. కప్పు ఫలితంమీద ఏ నిర్ణయమూ తీసుకోకండి, లేబరేటరీ కాగితం వచ్చేదాకా ఆగండి. డాక్టరుకి చెప్పకుండా మందు మాన్పించకండి. ఉద్యోగం పోతుందేమోనని భయపడేవాళ్ళకి, డాక్టరు రాసిచ్చిన ఈ మందు వాడేవారికి వికలాంగుల హక్కుల చట్టం రక్షణ ఉందని న్యాయశాఖ 2022 ఏప్రిల్‌లో స్పష్టంగా చెప్పింది.

చివరగా, మన సంఘం వైద్యులకీ కార్యవర్గానికీ ఒక మనవి. ఏటా మనం పెట్టే ఆరోగ్య శిబిరంలో రక్తపోటు బల్ల, షుగరు బల్ల ఉంటాయి. వాటి పక్కన నాలోక్సోన్ ముక్కు స్ప్రేకి కూడా ఒక బల్ల వేద్దాం. ఊపిరి ఆగినవాణ్ణి లేపే ఆ మందు 2023 మార్చి నుంచి చీటీ లేకుండా అమ్మడానికి అనుమతి పొందింది. ఎలా వాడాలో చూపించడానికి పది నిమిషాలు చాలు. ఆ బల్ల దగ్గర నేను కూచుంటాను. వచ్చి తీసుకునేవాళ్ళని ఎవరి కోసమని అడగను.